బందెలదొడ్డి మొదటి పశువు

ఆకాశంలో ఉన్నంతసేపూ వకుళ మనిషే. ఆ సంగతిలో గాలికి గానీ గద్దలకు గానీ ఏ అనుమానమూ రాలేదు. నేలమీదికి దిగాకే ఆమె ఏమిటో తేల్చడానికి ఒక పంచాయతీ కార్యదర్శి, ఒక డివిజను అధికారి, మూడు రిజిస్టర్లు, ఒక గుండ్రటి ముద్ర కావలసి వచ్చాయి.

వకుళ హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళయింది, తర్వాత అదీ అయిపోయింది. అప్పటినుంచి తన జీతం తాను తింటూ, తన బట్టలు తాను ఉతుక్కుంటూ, ఆదివారం వస్తే గువ్వలగుట్ట ఎక్కి అక్కణ్ణుంచి దూకేది. దూకడమంటే కంగారు పడకండి. హ్యాంగ్ గ్లైడరని ఒకటుంటుంది. అల్యూమినియం గొట్టాలకు గుడ్డ బిగించిన ముప్పై అడుగుల రెక్క. దానికింద ఒక సంచిలో బోర్లా పడుకుని, చేతులతో అడ్డకడ్డీ పట్టుకోవాలి. కడ్డీ లాగితే జోరుగా, తోస్తే మెల్లగా పోతుంది. ఇంజనూ లేదు, పెట్రోలూ లేదు. ఎండకు కాగిన నేలమీంచి పైకి లేచే వేడిగాలే దానికి తిండి.

గుట్ట కింద గగనవిహార సంఘం ఉంది. సంఘం అన్నాక నియమాలుంటాయి. గుట్టనుంచి పాతిక కిలోమీటర్లకు తక్కువ కాకుండా ఎగిరి, దిగిన ఊళ్ళో అధికారిచేత తేదీ, వేళ, చోటు రాయించి, ముద్ర వేయించుకొస్తే స్వతంత్ర పైలట్ కార్డు ఇస్తారు. కార్డు లేనివాళ్ళు ఎగిరిన ప్రతిసారీ సంఘం కార్యదర్శి సంతకం కోసం గుమ్మంలో నిలబడాలి. మూడేళ్ళలో కార్డు రాకపోతే నేర్చుకున్నదంతా రద్దయి, మళ్ళీ మట్టిదిబ్బ మీద పరుగెత్తడం దగ్గర మొదలుపెట్టాలి. వకుళకు మొదటేడు గాలి కలిసి రాలేదు. రెండో ఏడు గుట్టకు పోయిన ప్రతి ఆదివారమూ వాన. ఇది మూడో ఏడు, మార్చి నెలలో చివరి ఆదివారం. ఇవాళ కాకపోతే ఇక లేదు.

పొద్దున్నే ఫారం నింపుతుంటే ఒక గడి దగ్గర కలం ఆగింది. "సంరక్షకుని సమ్మతి" అని ఉందక్కడ.

సంఘం కార్యదర్శి భానుమూర్తి మెత్తటి మనిషి. ఫారానికి తప్ప ఎవరికీ భయపడడు.

"ఇది మగవాళ్ళ ఫారంలో లేదా అండీ?" అంది వకుళ.

"ఎందుకు లేదమ్మా? ఉంది. వాళ్ళు అక్కడ 'స్వయం' అని రాసుకుంటారు."

"అయితే నేనూ అదే రాస్తాను."

"నిక్షేపంగా రాయి. కాకపోతే దానికి ఆధారం జతచేయాలి."

"మగవాళ్ళు జతచేస్తున్నారా?"

"వాళ్ళను చూస్తేనే తెలుస్తుంది కదమ్మా," అన్నాడు భానుమూర్తి, ఏమాత్రం చెడుద్దేశం లేకుండా. "మీ అన్నయ్యచేత ఒక్క సంతకం పెట్టించు. అయిపోతుంది."

అన్న దామోదరం సంతకం పెట్టడు. "ఆడముండకి రెక్కలెందుకు" అన్నవాడతను, అదీ పదిమందిలో. వకుళ ఆ గడి ఖాళీగానే వదిలేసింది. కార్డు ఇచ్చేలోపు నింపితే చాలునన్నాడు భానుమూర్తి. ముందు ఎగరాలి కదా, దిగాక చూసుకుందాం అనుకుందామె.

పదకొండింటికి గుట్ట అంచువైపు నాలుగడుగులు పరుగెత్తింది. అయిదో అడుగుకు నేల లేదు.

అబ్బ, ఆ రెండు గంటలూ ఏమని చెప్పేది! రెండు గద్దలు చక్కర్లు కొడుతుంటే వాటి పక్కకు పోయి తానూ చక్కర్లు కొట్టింది. వేడిగాలి అరచేతిలో పెట్టుకుని ఎత్తినట్టు ఎత్తింది. గద్దలు ఒకసారి తలతిప్పి చూసి, తమ పనిలో తాము పడ్డాయి. ఎవరివి, ఎక్కణ్ణుంచి, మీవారేం చేస్తుంటారు అని ఒక్క మాట అడగలేదు. వకుళ గట్టిగా నవ్వింది, తర్వాత ఎందుకో ఏడ్చింది, తర్వాత ముక్కు తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేక ఊరుకుంది. కింద రోడ్లు, చెరువులు, కోళ్ళఫారాల రేకులు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోయాయి. ఇరవై, పాతిక, ముప్పై కిలోమీటర్లు. ఇంకో పది పోతే జూనియరు కాలేజీ మైదానం. అక్కడ దిగాలని ముందే అనుకుంది.

ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర గాలి చచ్చిపోయింది. ఒక మబ్బు వచ్చి ఎండను కప్పేసరికి పైకి లేచే వేడిగాలి లేచినట్టే ఆగిపోయింది. వకుళ కిందికి చూసింది. ఒకవైపు వారపు సంత, నిండా జనం. ఒకవైపు కరెంటు తీగలు. మిగిలిన చోటంతా కర్రలు పాతిన టమాటా తోటలు, దిగితే పొట్టలో గుచ్చుకుంటాయి. మధ్యలో చాపంత పచ్చగా ఒక మడి కనిపించింది. దేవుడా అనుకుని అటు తిప్పింది. కాళ్ళు ఆనీ ఆనకముందే తూలి, పొట్టమీద జారుకుంటూ మడిలో సగందాకా పోయి ఆగింది.

కమ్మటి వాసన. కొత్తిమీర.

గట్టుమీద పిడికెడు ఆకు చేతిలో పట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. పేరు మునెమ్మ. ఆ మడి ఆమెదే.

"దిగినావా అమ్మీ, పడినావా?" అంది మునెమ్మ.

"దిగినానవ్వా."

"దిగడం ఇట్లుంటే ఇంగ పడ్డం ఎట్లుంటాదో! ఎముకలు బాగున్నాయా?"

"బాగున్నాయి. నీ కొత్తిమీర తొక్కేసినాను. ఎంతయితే అంత ఇస్తానవ్వా."

"ఇచ్చేదేముంది, పది కట్టలు పోయింటాయి. సాయంత్రానికి సంతలో ఎట్లా మిగిలేవే. ముందు నీళ్ళు తాగు."

నీళ్ళు తాగి, రెక్క మడిచి, వకుళ అడిగింది: "ఈ ఊళ్ళో ముద్ర వేసే అధికారి ఎవరుంటారవ్వా?"

"ఓబులేసు ఉండాడు. పంచాయతీ సెక్రటరీ. ఆ పిల్లోడికి ఈ పొద్దు ఊపిరి పీల్చుకునేదానికి సందు లేదు. దొడ్డి చూసేకి పైనుంచి సారు వస్తాండాడు."

ఆ దొడ్డి కథ ఇక్కడ చెప్పకపోతే ముందుకు పోలేం. పూర్వం ఊరూరా బందెలదొడ్డి ఉండేది. కట్టు తెంచుకుని పరుల చేనులో పడ్డ పశువును తోలుకొచ్చి అందులో పెట్టేవాళ్ళు. సొంతదారు వచ్చి దండుగ కట్టి విడిపించుకుపోయేవాడు. ఇప్పుడు వకుళ దిగిన ఈ నక్కలేటిపల్లెలో దున్నేది ట్రాక్టరు. ఉన్న నాలుగు ఆవులూ ఫ్యాను కింద కూర్చుని పాలిస్తాయి, వాటికి బయటికి పోయే తీరికే లేదు. అయినా "ఆదర్శ బందెలదొడ్డి" అనే పథకం వచ్చింది. పథకం వచ్చాక దొడ్డి కట్టక తప్పుతుందా? గ్రానైటు నేల, సిమెంటు ఎద్దులున్న ముఖద్వారం, రెండు కెమెరాలు, పశువుల అభిప్రాయాల పెట్టె కూడా పెట్టారు. గేటు పెట్టారు గానీ తాళం ఇంకా మంజూరు కాలేదు.

కట్టి పదకొండు నెలలయింది. ఒక్క పశువు పడలేదు. ఓబులేసు నెలనెలా సున్నా అని రాసి పంపితే పోయిన నెల తాఖీదు వచ్చింది: "సున్నా నివేదికలు ఇకమీదట అంగీకరించబడవు. మీ గ్రామమున పశువులు తప్పిపోకపోవుటకు గల కారణములను, తత్సంబంధముగా మీరు తీసుకొన్న చర్యలను తెలుపుడు." ఓబులేసు ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. ఇల్లిల్లూ తిరిగి ఒక్క ఆవును రెండు గంటలు బదులివ్వమన్నాడు. పాలు తగ్గుతాయని ఎవరూ ఇవ్వలేదు. ఆఖరికి ఒక మేకను తెచ్చి కట్టేస్తే అది ప్రారంభోత్సవం రిబ్బను తినేసి గోడ దూకి పోయింది.

అట్లాంటి దినాన, అట్లాంటి వేళకు వకుళ అతని ముందు నిలబడి, "ముద్ర కావాలండీ," అంది. ఒంటినిండా కొత్తిమీర. వెనక భుజంమీద మడిచిన రెక్క.

"దేనిమీద మేడం?"

"నేను ఇక్కడ దిగానని ఒక కాగితం రాసి, దానిమీద."

"రాస్తాను మేడం. కానీ రిజిస్టర్లో ఎక్కని విషయానికి ముద్ర పడదు."

"అయితే రిజిస్టర్లో ఎక్కించండి."

ఓబులేసు బీరువా తెరిచాడు. "మనుషులవి మాకు రెండే ఉన్నాయి మేడం. జననం, మరణం. మీరు రెండిట్లోకీ రారు." ఆ మాటంటూనే అతని చూపు మూడో రిజిస్టరు మీద పడింది. కొత్తది, అట్ట నలగనిది. అతని మొహంలో పదకొండు నెలల చీకటి ఒక్కసారి విడిపోయింది. నియమావళి తీసి, వేలు పెట్టి చదివాడు.

"'పశువు అనగా: సొంతదారు వెంట లేకుండా, దారి కాని దారిన పరుల చేనులోనికి ప్రవేశించి, పైరు తొక్కిన ఏ ప్రాణియైనను.' మేడం, మీ వెంట ఎవరన్నా వచ్చినారా?"

"లేదు."

"దారిలో వచ్చినారా?"

"ఎగిరొచ్చినాను."

"పైరు?"

ఆమె బదులు చెప్పేలోపే మునెమ్మ అందుకుంది. "పది కట్టలు. అయితే ఏమిరా, ఆయమ్మ మనిషి గదరా ఓబులేసూ!"

"మనిషి కాదని నేనన్నానా అవ్వా? మనిషి కూడా ప్రాణే గదా. నియమంలో నాలుగు కాళ్ళని యాడా లేదు." అతను వకుళ వైపు తిరిగి చేతులు జోడించాడు. "మేడం, మీ కాళ్ళకు మొక్కుతా. ఒక్క ఎంట్రీ. మీకు ముద్ర, నాకు ఉద్యోగం."

వకుళకు నవ్వొచ్చింది. ముద్ర దేనిమీద పడితేనేం, తేదీ వేళా చోటూ ఉంటే చాలదా అనుకుంది. సరేనంది. రిజిస్టర్లో ఏ గడిలో పడ్డా బయటికి రావచ్చుననుకునేవాళ్ళు రిజిస్టరును ఎరగనివాళ్ళు.

ఓబులేసు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. వరుస సంఖ్య: ఒకటి. పట్టుబడిన వేళ: మధ్యాహ్నం ఒంటిగంటా పది. చోటు: మునెమ్మ కొత్తిమీర మడి, నక్కలేటిపల్లె. వచ్చిన దిక్కు: పడమర, పైన. రంగు: చామనచాయ. కొమ్ములు: లేవు. రెక్కలు: రెండు, మడవదగినవి. సొంతదారు అన్న గడి దగ్గర కలం ఆగింది. పొద్దున వకుళ కలం ఆగినట్టే.

"ఎవరూ లేరు," అంది వకుళ.

"పోనీలే మేడం, తర్వాత చూద్దాం."

"ముద్ర?"

"ముద్ర విడుదల రసీదు మీద పడుతుంది మేడం. విడుదల సొంతదారుకే చేస్తారు."

వకుళ నవ్వు ఆగిపోయింది.

డివిజను అధికారి తులసీరాం రెండింటికి దిగాడు. జీపు దిగుతూనే దొడ్డిలోకి తొంగి చూశాడు. గ్రానైటు నేలమీద, తొట్టి పక్కన, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న ఆడమనిషి కనిపించింది. ఓబులేసు గుండె చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తులసీరాం రిజిస్టరు చూశాడు, నియమావళి చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు.

"శభాష్," అన్నాడు. "జిల్లాలో ఇరవై రెండు దొడ్లు. ఇరవై రెండిట్లోనూ సున్నా. తొలి ప్రవేశం మనది! ఇన్నాళ్ళూ మన కార్యదర్శులు పశువును సంకుచిత దృష్టితో చూశారు. కొమ్ములూ తోకా ఉంటేనే పశువనుకున్నారు. సదరు దృక్పథమే ఈ పథకమునకు అవరోధమైనది."

వకుళ లేచి నిలబడింది. "సార్, నేను టీచర్ని. నాకు ఒక ముద్ర చాలు. వెళ్ళిపోతాను."

"ఎవరు పోవద్దన్నారమ్మా? గేటుకు తాళం కూడా లేదు," అన్నాడు తులసీరాం, నొచ్చుకున్నట్టుగా. "మేము నిర్బంధించు వారము కాము. కానీ నీవు రసీదు లేక వెళ్ళినచో అది పలాయనమగును. పలాయనమైన పశువునకు సంబంధించి ప్రవేశము కూడా రద్దగును. అనగా నీవు ఇక్కడ దిగనే లేదు."

అదీ సంగతి. గేటు బార్లా తెరిచే ఉంది. అవతల రోడ్డు, రోడ్డుమీద బస్సు. వెళ్ళిపోతే రాత్రికి ఇంట్లో ఉంటుంది. కానీ ముప్పై ఒక్క కిలోమీటర్లూ గాలికి పోతాయి, వచ్చే ఆదివారం మట్టిదిబ్బ మీద పరుగెత్తాలి. మూడేళ్ళు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తిరిగి తొట్టి పక్కన కూర్చుంది.

దొడ్డి కాపలాదారు పుల్లయ్య పచ్చిగడ్డి మోపు తెచ్చి ఆమె ముందు పెట్టి, సిగ్గుతో తల వంచుకున్నాడు. సంత రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ పశువులకు బేరాలు కుదిర్చే దళారి అతను, మర్యాద తెలిసినవాడు. "పెట్టాలంట అమ్మా. రూల్లో ఉండాదంట."

"తీసుకుపో అన్నా."

అరగంటకోసారి మూడుసార్లు తెచ్చాడు. మూడుసార్లూ ఆమె వద్దంది. మునెమ్మ ఇంటికి పోయి సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి తెచ్చి పెడితే ఆబగా తినేసింది. కానీ సంగటికి రిజిస్టర్లో గడి లేదు. ఓబులేసు రాసుకున్నాడు: "మేత: మూడుమార్లు నిరాకరించినది."

తులసీరాం పుట తిప్పాడు. "ఇది గంభీరమైన విషయం. పద్నాలుగో నియమం. సొంతదారు తెలియని పశువును ఏడు దినములు ఉంచి వేలం వేయవలె. అయితే మూడుమార్లు మేత ముట్టని పశువు చిక్కిపోవు ప్రమాదమున్నందున అదే దినమున వేలం వేయవచ్చును. అదృష్టవశాత్తు ఇవాళ సంత కూడా."

"నన్నా? వేలమా?" అంది వకుళ.

"రెక్కలతో కలిపి," అన్నాడు తులసీరాం. "విడదీసిన యెడల పశువు యొక్క విలువ తగ్గును."

ఓబులేసుకు ఆ మాటతో చెమటలు పట్టాయి. అతను చెడ్డవాడు కాదు, భయస్తుడు. చాటుగా వచ్చి, "మేడం, అన్నయ్యో నాయనో ఎవరో ఒకరి నంబరు ఇయ్యండి. వచ్చి సొంతదారునని సంతకం పెడితే చాలు," అని బతిమాలాడు. వకుళ ఇవ్వలేదు. కానీ ఆమె హెల్మెట్టు లోపల సంఘంవాళ్ళు అంటించిన చీటీ ఉంది, ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలో. ఓబులేసు అది చూసి ఫోను చేసేశాడు.

నాలుగింటికల్లా దామోదరం మోటారుసైకిలు మీద దిగాడు. చెల్లెలు బతికే ఉందా, దెబ్బలు తగిలాయా అని అడగలేదు.

"పరువు గంగలో కలిపినావు గదే! పశువుల దొడ్డిలో కూర్చున్నావా?"

"కూర్చోబెట్టినారు."

"మంచి పని చేసినారు. ఇప్పుడు విను. నేను సంతకం పెడతా, ఇంటికి తోలుకుపోతా. కానీ ఆ రెక్క యిక్కడే పాతసామాన్లోడికి ఇచ్చేయాల. మళ్ళీ గుట్ట పక్కకు పోతే నా చెల్లెలే కాదు. ఏమంటావ్?"

వకుళ మడిచిన రెక్క వైపు చూసింది. ఆ సంతకం పడితే ఇక్కణ్ణుంచి బయటపడుతుంది. భానుమూర్తి గడి కూడా నిండుతుంది. ఎగరడానికి మాత్రం ఏమీ మిగలదు. దామోదరం ఆమె జవాబు కోసం ఆగలేదు. ఎన్నడూ ఆగినవాడు కాదు. "యాడ పెట్టాల సంతకం?" అని బల్ల దగ్గరికి పోయాడు.

"సొంతదారు ప్రమాణపత్రం," అని తులసీరాం కాగితం ముందుకు జరిపి చదివాడు. "'సదరు పశువు గతమున చేసిన, ప్రస్తుతము చేసిన, ఇకమీదట చేయబోవు సమస్త నష్టములకు నేనే పూర్తి బాధ్యుడనని, సదరు పశువు మేత ముట్టకున్నను, కట్టు తెంచుకొన్నను, ఎచ్చట ఎవరి చేనులో పడినను నాపై చర్య తీసుకొనవచ్చునని...'"

దామోదరం కలం గాల్లోనే ఉంది. "చేయబోయేవాటికి కూడానా సార్?"

"సమస్తము."

"రేపు ఎవరింటి మీదో పడితే?"

"మీరే."

"అదెట్ల సార్? ఆమె ఉద్యోగం ఆమెది, ఆమె జీతం ఆమెది. నా మాట ఎప్పుడన్నా విన్నదా? ఆమె చేసినదానికి నేను బాధ్యుణ్ణి ఎట్లయితా?"

"అంటే మీరు సొంతదారు కారా?"

"ఎక్కణ్ణుంచి సార్! అన్నను, అంతే. పెద్దవాణ్ణి కాబట్టి నాలుగు మాటలంటా, అంతవరకే."

"అదే రాసివ్వండి," అన్నాడు తులసీరాం. దామోదరం గబగబా రాసిచ్చాడు: సదరు వకుళకు తాను సొంతదారును కాననీ, ఆమె బాధ్యత ఆమెదేననీ. రాసి, మోటారుసైకిలెక్కి, తిరిగి చూడకుండా పోయాడు. ముప్పై తొమ్మిదేళ్ళలో అన్న ఆమెకు చేసిన మేలు అదొక్కటే, అదీ పెట్రోలు ఖర్చు పెట్టుకుని వచ్చి మరీ చేశాడు.

సంతలో వార్త పాకిపోయింది. జనం గోడలమీద ఎక్కి కూర్చున్నారు. పాట పాడడానికి ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు టమాటా మండీ యజమాని. అతని చూపంతా రెక్కమీదే ఉంది. "గుడ్డ గట్టిది. కాయల కుప్పమీద కప్పితే వాన చుక్క దిగదు. మనిషొద్దు సార్, గుడ్డ ఇప్పించండి." విడదీయరాదన్నాడు తులసీరాం. "అయితే రెండూ తోలుకుపోయి ఆయమ్మను బస్సెక్కిస్తాలే," అన్నాడతను.

రెండోది మునెమ్మ. కొత్తిమీర అమ్మిన డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది.

"నేను పాడతా అమ్మీ," అంది గోడమీంచి వంగి, మెల్లగా. "నిన్నూ నీ రెక్కనూ నేను తీసుకుంటా. ముద్ర పడతానే ఇడిసిపెడతా. నువ్వు నీ పాటికి పో."

వకుళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దుటినుంచి ఆమె మంచీచెడ్డా చూసినవాళ్ళు లోకంలో ఆ ముసలమ్మ ఒక్కతే.

"నువ్వు మంచిదానివవ్వా. అయినా వద్దు."

"యాలమ్మీ?"

"కాగితంలో నీ పేరుంటుంది. ఎవరో ఒకరిదాన్నే అవుతాను. నీదాన్నయినా సరే, వద్దు."

మునెమ్మ కొంగులోని డబ్బు తడుముకుంది. కొంగుముడి మళ్ళీ బిగించుకుని, "అవునులే," అంది. "నేను నాదాన్నేనని నాకూ ఎవురూ కాగితం ఈలేదు."

వకుళ లేచి బల్ల దగ్గరికి నడిచింది. "సార్, నేనూ పాడతాను."

గుంపు గొల్లుమంది. తులసీరాం నవ్వలేదు. నవ్వడానికి నియమావళిలో చోటు లేదు. పుటలు తిప్పాడు. "'పాటదారు పద్దెనిమిదేండ్లు నిండి, మతిస్థిమితము, ఆధారు కార్డు కలిగి ఉండవలెను.' కలదా?"

"ఉంది."

"పాటదారు పశువు కారాదని ఎచ్చటను లేదు," అన్నాడతను చాలాసేపు వెతికి. "కొనసాగించుడు."

నక్కలేటిపల్లె సంతలో పశువుల బేరం నోటితో చేయరు. దళారి చేతిమీద తువ్వాలు కప్పుకుంటాడు. పాడేవాడు దానికింద చెయ్యి దూర్చి, ధరను వేళ్ళు నొక్కి చెబుతాడు. ఎవరెంత అన్నారో దళారికి తప్ప పక్కవాడికి తెలియదు. ఇదేమిటని తులసీరాం అడిగితే ఓబులేసు వివరించాడు. "అద్భుతం," అన్నాడు తులసీరాం. "తువ్వాలు వల్ల పారదర్శకత వచ్చును."

పుల్లయ్య తువ్వాలు పరిచాడు. మండీ యజమాని చెయ్యి దూర్చి నొక్కాడు, నవ్వుతూ బయటికి తీశాడు. వకుళ వంతు వచ్చింది. జేబులో ఉన్నది తిరుగు ప్రయాణానికి, గ్లైడరు వేసుకెళ్ళే ఆటోకు తెచ్చుకున్న డబ్బు. ఆ వేళ్ళు ఎట్లా నొక్కాలో ఆమెకు తెలియదు. పుల్లయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఉన్నదంతా అన్నా," అని గొణిగి జేబు చూపించింది. పుల్లయ్య తలూపి యజమాని వైపు తిరిగాడు. "ఇంకా పోతావా?"

"కొత్త టార్పాలిన్ పట్టా ధరకు వంద తక్కువ చెప్పినా. పట్టా ధరదాకా వస్తా. దానిమీద పైసా పెట్టను."

"అయితే ఇంటికి పో," అన్నాడు పుల్లయ్య, తువ్వాలు దులిపి భుజానేసుకుంటూ.

అట్లా, కొత్త టార్పాలిన్ పట్టా ధరకన్నా రెండొందలు ఎక్కువకు, వకుళ వకుళదయింది.

ప్రమాణపత్రం ఆమె ముందు పెట్టారు. గతమున చేసిన, ప్రస్తుతము చేసిన, ఇకమీదట చేయబోవు సమస్తమునకు నేనే పూర్తి బాధ్యురాలను. దామోదరం చెయ్యి ఆగిపోయిన చోట ఆమె చెయ్యి ఆగలేదు. సంతకం కింద గీత కూడా గీసింది. ఓబులేసు రెండు చేతులతో ముద్ర నొక్కాడు. "మేడం, నా ఉద్యోగం నిలబెట్టినారు," అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. జేబులో పైసా లేని వకుళను, ఆమె రెక్కనూ కొత్తిమీర కట్టలు దించిన ఆటోలో మునెమ్మే ఎక్కించి పంపింది.

మర్నాడు సాయంత్రం బడి అయ్యాక వకుళ ఆ రసీదును భానుమూర్తి బల్లమీద పెట్టింది. అతను కళ్ళజోడు సర్దుకున్నాడు. దిగిన తేదీ ఉంది. వేళ ఉంది. చోటు ఉంది. ముద్ర నిండు చంద్రుడిలా ఉంది.

"పశువు: వకుళ," అని చదివాడు. "సొంతదారు: వకుళ." ఇంకోసారి చదివాడు.

వకుళ ఫారం తీసుకుని ఆ ఖాళీ గడిలో "స్వయం" అని రాసింది. పక్కన "ఆధారం జతచేయబడినది" అని రాసి, గుండుసూది గుచ్చింది.

భానుమూర్తికి అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరకలేదు. స్వతంత్ర పైలట్ కార్డు రాసిచ్చాడు. వకుళ దాన్ని జేబులో పెట్టుకుని, లేవబోతూ అడిగింది.

"మరి మీ ఫారానికి ఆధారం ఏదండీ?"

భానుమూర్తి బీరువా వైపు చూశాడు. పాపం, ఫారానికి భయపడే మనిషి. ఆ రాత్రంతా బీరువాలోని ఫారాలు తిరగేసినట్టున్నాడు. పదకొండుమంది మగ సభ్యులు. పదకొండు స్వయాలు. ఒక్కదానికీ గుండుసూది లేదు.

తర్వాతి ఆదివారం వకుళ గుట్టమీద రెక్క బిగించుకుంటుంటే ఫోను మోగింది. మునెమ్మ.

"అమ్మీ, మీ సంఘమోళ్ళంట. పదకొండుమంది మొగోళ్ళు వ్యానేసుకోని వచ్చి దొడ్డికాడ వరసగా నిలబడినారు. మమ్మల్ని రాసుకోండి, ఏలం ఎయ్యండి అంటాండారు. ఒకాయనైతే అడక్కుండానే గడ్డి వద్దంటాండాడు. ఓబులేసు పుస్తకం పట్టుకోని నన్నడుగుతాండాడు, ఏం చేయమంటావ్?"

"నీ మడి తొక్కినారా అవ్వా?"

"లేదు. చక్కంగా రోడ్డుమీద వచ్చి, గేటులో నుంచి వచ్చినారు."

"అయితే వాళ్ళు లెక్కలోకి రారవ్వా. దారి కాని దారిన రావాలి. రూల్లో ఉంది."

అవతల మునెమ్మ ఎవరికో చెప్పడం, ఎవరో గొణగడం వినిపించాయి. మళ్ళీ లైనులోకి వచ్చింది.

"చెప్పినా. రూలెట్లున్నా, ఆధారం తెచ్చేదాకా వాళ్ళ కార్డులు చెల్లవంట, మీ సంఘం సారు సంతకం లేకుండా ఎగరకూడదంట గదా వాళ్ళు. కార్డుండేది నీకొక్కదానికేనంట ఈ వారం. నిజమేనా?"

"నిజమే."

"అయితే ఎగురమ్మీ," అంది మునెమ్మ. "ఈ పక్కకే వస్తే, కొత్తిమీర కోసేసినాలే. మడి ఖాళీగా ఉండాది."